పెట్టెలో తెలుపు

1949 జూన్ 6, సోమవారం. ఖాజాగూడ.

పత్తర్‌గట్టి బట్టల సేఠ్ పని నాకే ఇచ్చాడు. నలభై రెండు బొమ్మల బరాత్. ఏ బొమ్మా జానెడు దాటవద్దు. పెళ్ళికొడుకు, గుర్రం, బాజావాళ్ళు, చుట్టాలు, పక్కాలు, అందరికీ తెల్లబట్టలే. దుకాణంలో ఎన్ని రకాల తెల్లబట్ట ఉందో అదంతా అద్దాల అలమారలో ఈ బొమ్మల ఒంటిమీద కనిపించాలట. ఇది మల్లు, ఇది పట్టు, ఇది ఖద్దరు అని దారిన పోయేవాడు చూసి చెప్పాలట. దసరాకు అందాలి.

"చేస్తవా లింగమూర్తీ? కష్టమంటే చెప్పు, నిర్మల్ వాళ్ళను పిలిపిస్త" అన్నాడు సేఠ్. నా ముఖం చూశాక మళ్ళీ నిర్మల్ పేరెత్తలేదు.

ఎరుపు ఎవడైనా వేస్తాడు. తెలుపు వేయమంటే చేయి బయటపడుతుంది. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి పని కోసమే కాచుకొని ఉన్నాను.

చెక్కేది మా బామ్మర్ది మొగిలి. నా భార్య రుక్కమ్మకు ఒక్కడే తమ్ముడు. పదేళ్ళ నుంచీ మా ఇంట్లోనే ఉంటున్నాడు. సేఠ్ మొదట వాడు చెక్కిన గుర్రాన్ని చేతిలోకి తీసుకొని "వాహ్" అన్నాడు. నేను రంగు వేసిన నమూనా చూసి "మంచిగుంది" అన్నాడు. ఆ "వాహ్" అనుకోకుండా అన్నాడేమో.

జూన్ 11

ఇన్నాళ్ళూ నేను వాడింది గుల్లసున్నం, తుమ్మబంక. ఈసారి సేఠ్ డబ్బాలో వచ్చే జింకు తెలుపు పంపాడు. అవిసె నూనెలో కలుపుకోవాలి. బంక రంగు మీద తడివేలు పెడితే ఊడి వస్తుంది. ఇది అలా కాదు, ఒకసారి ఆరితే ఇక ఊడదు. నాకు తెగ నచ్చింది.

మొగిలి వచ్చి పక్కన నిలబడ్డాడు. "బావా, నూనె తెల్ల ముచ్చట నాకొకటి ఎర్క—" అని మొదలుపెట్టాడు.

"నువ్వు ఉలి చూస్కో. కుంచె సంగతి నేను చూస్కుంట" అన్నాను.

కొంచెం గట్టిగానే అన్నాను. కానీ తలుపులు, మంచంకోళ్ళు చేసుకునేవాడు నాకు తెలుపు నేర్పడం ఏమిటి?

జూలై 10, ఆదివారం

పది బొమ్మలు పూర్తి. పని పద్ధతి ఎవరికీ చెప్పను, ఇక్కడ రాసుకుంటాను.

తెల్లబొమ్మను తెలుపుతో మొదలుపెడితే అది సుద్దముక్క అవుతుంది. ముందు ఒళ్ళంతా బూడిద రంగు వేయాలి. తెలుపులో రవ్వంత కాటుక కలిపితే చాలు. బట్ట మడతల లోపల ఆ బూడిదనే వదిలేయాలి. దాని మీద పలుచగా ఒక పూత. అది ఆరాక ఇంకొంచెం లోపలికి జరిగి మరో పూత. ఇలా ఐదు. అచ్చమైన తెలుపు భుజం మీద, మోకాలి మీద, తలపాగా కొసన మాత్రమే, ఆవగింజంత. ఆ ఆవగింజను చూసి మిగిలినదంతా తెలుపేనని కన్ను నమ్మేస్తుంది. చాకలి ఉతికిన ధోతికి బూడిదలో నీలిమందు చుక్క. పట్టుకు గోపీచందనం. ఖద్దరుకు కుంచె దాదాపు ఆరిపోయాక రాయాలి, అప్పుడు నేత కనిపిస్తుంది. గుర్రానికి ముక్కు దగ్గరా చెవుల లోపలా కొంచెం జాజు, అదే ఎర్రమట్టి. అది లేకపోతే సున్నం కొట్టిన గుర్రమే.

రుక్కమ్మ వచ్చి చూసి "ఎంత తెల్లగున్నయే!" అన్నది. ఒక్క బొమ్మ మీద కూడా నిండుగా తెలుపు లేదని చెబితే నమ్మలేదు. ఆ సంతోషానికి ఇవాళ రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

జూలై 16

ఆరిన బొమ్మలను నాన్న టేకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. వానాకాలం, పొయ్యి పొగ, పిల్లి. ఇవి రుక్కమ్మతో చెప్పిన కారణాలు. అసలు కారణం వేరే. పుప్పాలగూడ నుంచి వచ్చే రంగులవాడు వీరేశం రెండుసార్లు ఊరికే వచ్చి కూర్చొని పోయాడు. ఊరికే ఎవడూ రాడు.

తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

ఆగస్టు 6, శనివారం

కొత్త బొమ్మల పక్కన పెట్టి చూద్దామని పాతవి బయటికి తీశాను. పసుపు. పెళ్ళికొడుకు షేర్వానీ పాతబడ్డ నాటుకోడి గుడ్డు పెంకులా ఉంది. గుర్రం కామెర్లు వచ్చినట్టుంది. నీలిమందు వేసిన ధోతులు ఆకుపచ్చకు తిరిగాయి.

వాసన చూశాను. నాలుకకు తగిలించుకొని చూశాను. పసుపు కాదు, పొగ కాదు. పూత లోపలి నుంచే వచ్చింది. అంటే రంగులోనే ఎవరో ఏదో కలిపారు.

నూనె సీసా నేను చావడిలో పెడతాను. చావడిలో పని చేసుకునేది నేను, మొగిలి.

వీరేశం జూలై తర్వాత ఇటు రాలేదు.

ఆగస్టు 7

మొగిలి కాదు. పదేళ్ళు మా ఇంట్లో అన్నం తిన్నాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు గోలకొండ దవాఖానకు వీపు మీద మోసుకుపోయాడు. అలా అనుకున్నందుకు నాకే సిగ్గుగా ఉంది.

కొత్త నూనె తెచ్చి గూట్లో దాచాను.

ఆగస్టు 13

కొత్త నూనెతో వేసినవి కూడా కొంచెం రంగు తిరిగాయి. కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని తెల్ల కాగితం పక్కన పెట్టి చూశాను. తిరిగాయి.

గూడు సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు.

ఆగస్టు 15

బడి దగ్గర జెండా ఎగరేశారు. ఊరంతా పోయింది. నేను పెట్టె దగ్గరే కూర్చున్నాను.

ఆగస్టు 18

హఫీజ్‌పేట్‌లో స్టేషన్ పక్క బంగళా తలుపులకు రంగు వేస్తానని ఎండాకాలంలోనే మాట ఇచ్చాను. తప్పదు. రోజూ అన్నం తిని సైకిల్ మీద పోయి దీపాల వేళకు రావాలి. అంతసేపు పెట్టె వాళ్ళ దగ్గరే ఉంటుంది.

రెండు ఏర్పాట్లు చేశాను. ప్రతి బొమ్మ పాదం కింద సూదిమొనతో చుక్కలు పెట్టాను. పెట్టె మూత అంచున సుద్దపొడి చల్లాను, గాలి తగలని చోట. ఎవరు మూత ఎత్తినా పొడి చెదురుతుంది.

ఆగస్టు 19

పొడి చెదిరింది. తాళం వేసింది వేసినట్టే ఉంది.

ఆగస్టు 24, బుధవారం

పొడి రోజూ చెదురుతోంది. ఇవాళ పెట్టె తెరిచి చూస్తే గుర్రం తెల్లగా ఉంది. నిన్నగాక మొన్న పసుపుగా ఉన్న గుర్రం! పెళ్ళికొడుకు కూడా. మిగతావి పసుపే.

పాదాల కింద చూశాను. గుర్రం కింద మూడు చుక్కలు, నేను పెట్టినవే.

చాలాసేపు ఆలోచించాను. వాడు నా గుర్రాన్ని తీసుకొని ఇంకో గుర్రాన్ని పెట్టాడు. నా చుక్కలు కనిపెట్టి వాటిని కూడా దించాడు. చెక్కేది వాడే కాబట్టి ఒకే తీరువి రెండు చెక్కడం వాడికి ఎంతసేపు? నా చేతిని దొంగిలించి నేర్చుకున్నాడు. రేపు సేఠ్ ముందు నా పసుపు బొమ్మలు ఒక పక్క, వాడి తెల్లబొమ్మలు ఒక పక్క పెడతాడు.

గుర్రం చెవి లోపల జాజు అచ్చంగా నేను వేసినట్టే ఉంది. అంత బాగా నేర్చాడు.

ఆగస్టు 27, వినాయక చవితి

అక్కా తమ్ముడూ పెరట్లో గుసగుసలాడుకుంటున్నారు. నేను రాగానే ఆపేశారు. రుక్కమ్మ ఉండ్రాళ్ళు పెడుతూ అన్నది:

"పెట్టెకు తాళమెందుకయ్యా? ఇంట్ల ఉన్నది మేమే గద."

"మీరే ఉన్నరు గాబట్టే" అన్నాను.

ఆమె గిన్నె కింద పెట్టి లోపలికి పోయింది. పండుగ పూట ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ తప్పు ఏముంది అందులో?

సెప్టెంబర్ 1

దొరికింది. పెట్టె వెనుక మూతను పట్టే బందుల చీలలు రెండూ తళతళలాడుతున్నాయి. మిగతా ఇనుమంతా తుప్పు. చీలలు పీకి మూతను వెనుక నుంచి ఎత్తుతున్నాడు. ముందు తాళం, వెనుక దర్వాజా! వడ్లవాడికి తప్ప ఇంకెవడికి తడుతుంది ఆ ఉపాయం?

అడగలేదు. అడిగితే ఏడుస్తాడు, రుక్కమ్మ ఏడుస్తుంది, నేను పాపాత్ముణ్ణి అవుతాను. సమయం రానీ.

సెప్టెంబర్ 5, సోమవారం

పటేల్ పిలిపించాడు. అరుగు మీద పోలీసు ఠాణా అమీను కూర్చొని ఉన్నాడు, పక్కన తుపాకులవాళ్ళు ఇద్దరు. చెరువు అవతల గుట్టల్లో కమ్యూనిస్టు పార్టీ వాళ్ళు దాక్కున్నారని, ఊళ్ళోంచి ఎవరో బువ్వ మోస్తున్నారని వాళ్ళ అనుమానం.

"మీ మొగిలి రోజూ పగటిపూట గుట్ట మీదికి పోతున్నడంట. బట్టలో ఏదో మూట గట్టుకొని. ఏంది సంగతి?" అన్నాడు పటేల్.

నాకు మూట సంగతి తెలియదు. నిజంగానే తెలియదు. నేను హఫీజ్‌పేట్‌లో ఉంటాను.

"నాకు ఎర్క లేదు పటేలా. మూట పట్టుకపోతున్నడని నేను గూడ విన్న" అన్నాను.

"నీ ఇంట్లోడే గద. మంచోడేనా?"

అమీను నన్నే చూస్తున్నాడు. "నడుమ జర మారిండు" అన్నాను.

అంతే. ఇంకేమీ అనలేదు.

సెప్టెంబర్ 6

పొద్దున మొగిలిని తీసుకుపోయారు. ఉలి ఇంకా చేతిలోనే ఉంది వాడికి.

సెప్టెంబర్ 7

నేను అబద్ధం చెప్పలేదు. మూట అని అన్నది పటేల్. విన్నానని అన్నాను. మారాడా లేదా? మారాడు. ఇందులో అబద్ధం ఎక్కడ ఉంది?

సెప్టెంబర్ 9

రుక్కమ్మ రోజూ ఠాణాకు సద్ది పట్టుకొని పోతోంది. లోపలికి పోనివ్వడం లేదట. గేటు దగ్గర ఇచ్చి వస్తోంది. సాయంత్రం కూర్చొని "నా తమ్మిని పట్టిచ్చినోని నాలిక పురుగులు వట్ట" అని శాపాలు పెట్టింది. నేను కుంచెలు కడుక్కుంటున్నాను. మూడుసార్లు కడిగాను.

సెప్టెంబర్ 11

నలభై రెండూ పూర్తి. చివరివి ముసలివాళ్ళ జంట. ముసలావిడ చీరకొంగు మడతలో బూడిద ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. బంగళా పని అయిపోయింది. ఆరిన బొమ్మలన్నీ పెట్టెలో ఉన్నాయి, సుద్దపొడి చల్లాను. ఇక ఎవరూ ముట్టరు. చాలా రోజుల తర్వాత పగలు కాసేపు నిద్రపోయాను.

సెప్టెంబర్ 14

పొడి చెదరలేదు. చూశావా?

సెప్టెంబర్ 22, గురువారం

పొడి చెదరలేదు. చీలల మీద సన్నగా తుప్పు పట్టింది. తాళం నేనే తీశాను.

గుర్రం పసుపు. పెళ్ళికొడుకు పసుపు. వాడు చెక్కి, వాడే రంగు వేసి మార్చిపెట్టాడని నేను అనుకున్న ఆ తెల్లగుర్రమే, మళ్ళీ పసుపు. ఇప్పుడు ఎవరు ముట్టారు? వాడు లోపల ఉన్నాడు. రెండింటినీ పట్టుకొని పెట్టె ముందు కూర్చున్నాను.

రుక్కమ్మ సద్ది కట్టుకొని బయలుదేరబోతూ నన్ను చూసి ఆగింది. బొమ్మలను చూసింది.

"మల్ల పచ్చగైనయా? అయితయి మరి. ఎండ సూపెట్టెటోడు లేకపాయె."

ఏమన్నావని అడిగాను.

"నూనె తెల్లకు చీకటి పడదంట. బంగళాలల్ల అల్మారలు జరిపితే ఎనుక తలుపు పచ్చగుంటదంట, కొన్నొద్దులు ఎండ తగిల్తే మల్ల తెల్లగైతదంట. తమ్మి చెప్పిండు. నీకు చెప్పబోతే ఉలి చూస్కో అంటివంట. మల్ల చెప్తె ఇంకింత కోపానికొస్తడు అక్కా, బావ పని ఖరాబ్ గావొద్దు అని రోజూ నువ్వు పోంగనే చీలలు పీకి, దస్తీల నాలుగు నాలుగు కట్టుకపోయి గుట్ట మీద బండ మీద ఎండకు పెడుతుండె. కాకులు ముట్టకుండ పక్కనే కూసుంటుండె. నువ్వొచ్చే యాళ్లకు మల్ల పెడుతుండె. గదేనయ్యా మూట. గా మూటకే పట్టుకపోయిండ్రు నా తమ్మిని."

"మరి వాళ్ళకు చెప్పలేదా వాడు?"

"చెప్పకేం? బొమ్మలకు ఎండ సూపెడుతున్నావ్‌రా అని నవ్వి, కొట్టిండ్రంట."

ఆమె పోయింది. నేను నలభై రెండు బొమ్మలనూ ఒక్కొక్కటిగా బయటికి తీసి నేల మీద పెట్టాను. తాళం వేసింది నేను. చీకట్లో పెట్టింది నేను. వాడు తీసుకుపోయి తెల్లగా చేసుకొని వచ్చిన ప్రతిసారీ ఆ తెలుపును చూసే వాణ్ణి దొంగ అనుకున్నాను.

నేను అబద్ధం చెప్పలేదని ఈ పుస్తకంలోనే రాశాను. ఆ మాటను సిరాతో కొట్టేద్దామనుకొని ఉంచేశాను.

సెప్టెంబర్ 23

బొమ్మలను గంపలో పెట్టుకొని ఠాణాకు పోయాను. పటేల్ కూడా అక్కడే ఉన్నాడు. ఆ మూటలో ఉన్నవి ఇవేనని, నేను విన్నానన్నదీ మారాడన్నదీ ఒట్టి కోపంతో అన్న మాటలని చెప్పాను. పటేల్ మీసం సవరించుకున్నాడు.

అమీను గుర్రాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఎండల పెడితే ఇది తెల్లగైతదా?"

"అయితది సర్కార్."

"ఎన్నొద్దులల్ల?"

"ఐదారు దినాలు ఎండ గావాలె."

నమ్మలేదు. కానీ వేళాకోళంగానైనా ఒప్పుకున్నాడు. సగం బొమ్మలను తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు. సగాన్ని ఠాణా గోడ మీద వరుసగా పెట్టించాడు. అన్నిటి పాదాల కింద తన సంతకం గీశాడు, నేను మార్చకుండా. నేనెవరి మీదా కోపం తెచ్చుకోలేకపోయాను. ఆ పనులన్నీ నావే.

సెప్టెంబర్ 24

మబ్బు.

సెప్టెంబర్ 25

వాన. ఠాణా గోడ మీద బొమ్మల మీద నా కండువా కప్పి పట్టుకున్నాను. లోపల ఎవరో దగ్గుతున్నారు. వాడి దగ్గు నాకు తెలుసు.

సెప్టెంబర్ 27

ఎండ వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలు. నీడ జరిగిన కొద్దీ బొమ్మలను జరిపాను.

అక్టోబర్ 1, దసరా

సేఠ్ మనిషి బొమ్మల కోసం వచ్చాడు. ఠాణాలో ఉన్నాయని చెప్పాను. నా ముఖం వంక చూసి ఉత్త చేతులతో పోయాడు. పోనీ.

ఎండ బాగా కాసింది. జమ్మి ఆకు పట్టుకొని ఊరంతా అలాయి బలాయి తీసుకుంటుంటే నేను గోడ దగ్గర కాకులను తోలుతూ కూర్చున్నాను.

అక్టోబర్ 4, మంగళవారం

అమీను సొరుగు తీయించాడు. గోడ మీది వాటిని తెప్పించాడు. రెండు వరుసలను పక్కపక్కన పెట్టాడు. పాదాల కింద సంతకాలు చూసుకున్నాడు. ఒకటి తెలుపు, ఒకటి పసుపు. ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

చాలాసేపు చూసి "వాణ్ణి ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. పటేలే లోపలికి పోయి మొగిలిని తీసుకొచ్చాడు.

చిక్కిపోయాడు. ఎడమచేతి రెండు వేళ్ళు ముడవడం లేదు. ఉలి పట్టేది కుడిచేత్తోనే, కానీ చెక్కను పట్టేది ఎడమచేత్తో.

రుక్కమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. అందరూ చూస్తుండగా మొగిలి వంగి నా కాళ్ళు మొక్కాడు. "నువ్వు లేకుంటే నేను బైట పడకపోదును బావా" అన్నాడు. రుక్కమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసిన చూపు పెళ్ళయినప్పటి నుంచీ ఎప్పుడూ చూడలేదు.

వాణ్ణి లేపాను.

అక్టోబర్ 5

చెప్పాలి. ఇవాళ వాడికి ఒళ్ళు నొప్పులు. రేపు చెబుతాను.

అక్టోబర్ 7

ఊళ్ళోవాళ్ళు వచ్చి నన్ను మెచ్చుకొని పోతున్నారు. రుక్కమ్మ నాకు ముందు వడ్డిస్తోంది. చెప్పలేదు.

అక్టోబర్ 9

చెప్పలేదు.

అక్టోబర్ 12, బుధవారం

చావడిలో ఇద్దరమే ఉన్నాము. మొగిలి చెక్క ముక్కను కాలివేళ్ళ మధ్య ఇరికించుకొని చెక్కడం అలవాటు చేసుకుంటున్నాడు. నేను ఈ పుస్తకం తెరిచాను.

"రోజూ ఏం రాస్తవ్ బావా? నాకు చదువు రాకపాయె. జర చదివి వినిపియ్యి" అన్నాడు.

పేజీలు వెనక్కి తిప్పాను. సెప్టెంబర్ 5 దగ్గర ఆగాను. దానికి బదులు తెలుపు పూతల గురించి రాసిన పేజీ చదవవచ్చు, వాడికి తెలియదు. సెప్టెంబర్ 5 చదివాను. పటేల్ అడిగింది, నేను చెప్పింది, 'నడుమ జర మారిండు' అన్నది, మొత్తం. 6, 7 కూడా చదివాను.

వాడు ఉలి ఆపలేదు. పొట్టు నేల మీద రాలుతూనే ఉంది. చదవడం అయిపోయింది.

"నాకెర్కే" అన్నాడు తల ఎత్తకుండా. "నన్ను ఇడిసిపెట్టిన దినమే పటేల్ చెప్పిండు, లోపల్నించి తోలుకొస్తనే."

"ఎర్కుండి... ఎర్కుండి నా కాళ్ళెందుకు మొక్కినవ్‌రా?"

"గేటు కాడ అక్క చూస్తుండె గద."

తర్వాత వాడు పొట్టు ఊదేసి మళ్ళీ చెక్కుకున్నాడు. నేను ఏడ్చాను. వాడు ఓదార్చలేదు, లేచి పోనూ లేదు. కొంతసేపటికి లోపలి నుంచి రుక్కమ్మ పిలిచింది. ఇద్దరం కాళ్ళు కడుక్కొని పోయి కూర్చున్నాము. ఆమె నవ్వుతూ వడ్డించింది. తిన్నాము.